ఎనిమిది గాడుల బల్లను నేను

నేను ఒక టేకు బల్లను. కూర్చునే బల్ల అనుకునేరు, కాదు. గోడకు చేరేసి నిలబెట్టే బల్లను. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, ఒంటి మీద అడ్డంగా ఎనిమిది గాడులు. ఒక్కో గాడిలోకి ఒక్కో కాలేజీ పేరు రాసిన చెక్కపలకను పక్కనుంచి జరిపి పెడతారు. ఎన్ని పలకలు నిలిస్తే ఆ ఏడు అన్ని కాలేజీలు పోటీల్లో ఉన్నట్టు. అదే నా ఉద్యోగం. డెబ్బై ఏళ్ళు దాటి చేశాను. ఇప్పుడు పొన్నలంకలో ఒక చిన్న డాబా ఇంటి వరండాలో ఉన్నాను. మా కాన్ఫరెన్సు పోయింది, నేను మిగిలాను. అది ఎలా పోయిందో చెప్పే ఓపిక ఇంకెవరికీ లేదు కాబట్టి నేనే చెబుతాను. నిజానికి ఓపిక నాకూ లేదు. కాని గోడకు ఆనుకున్న చెక్కకు వేరే పనేముంటుంది?

పూర్వాశ్రమంలో నేను కూర్చునే బల్లనే. కొత్తమాలెం మిషన్ కాలేజీ ప్రార్థన మందిరంలో వెనక వరసలో ఉండేదాన్ని. వెనక వరస బల్లకు ప్రసంగాలకన్నా గురకలు ఎక్కువ తెలుస్తాయి. అలా హాయిగా ఉన్నదాన్ని ఒకరోజు స్టెన్‌బర్గ్ దొరగారు వచ్చి అటూ ఇటూ తట్టి చూశారు. ఆయనది అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రం. పగలు చరిత్ర పాఠం చెప్పేవారు, సాయంత్రం నిక్కరు తొడుక్కుని పిల్లలతో వాలీబాల్ ఆడేవారు. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నారు గనక మంచినీళ్ళు అడిగినా ప్రవక్త మాట్లాడినట్టే ఉండేది.

ఆ రోజుల్లో మా కృష్ణా డెల్టాలో కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. ఎవరి ఆట వాళ్ళది. దొరగారు ఆరు కాలేజీల డ్రిల్లు మాస్టర్లను పిలిపించి మందిరం అరుగు మీద కూర్చోబెట్టి, "అయ్యలారా, మా దేశమందు కళాశాలలు ఒంటరిగా ఆడవు. ఆరో ఎనిమిదో కలిసి ఒక కాన్ఫరెన్సుగా ఏర్పడును. ఆట ముగించి రాత్రి భోజనమునకు ఇల్లు చేరగల దూరమందున్న వారే అందులో చేరుదురు" అన్నారు. మాస్టర్లకు ఆ మాట నచ్చింది. ముఖ్యంగా భోజనం సంగతి. అలా 1952లో డెల్టా కాలేజీల కాన్ఫరెన్సు పుట్టింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం చాలాకాలం అదేదో ఉపన్యాసాల సభ అనుకుని ఆటలు మొదలయ్యాక ఆశ్చర్యపోయేవారు.

వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను నిలువునా కోసి, అతికి, ఆరు గాడులు తీశాడు. పలకలు మాత్రం ఏ కాలేజీవి ఆ కాలేజీ చేయించుకోవాలని దొరగారి షరతు. గోగులమూడి వాళ్ళు వేపచెక్క తెచ్చారు. అంబటివరం వాళ్ళది మామిడి. పొన్నలంక నది మధ్య ఊరు కాబట్టి వాళ్ళు పాత పడవ చెక్క మీద పేరు రాయించారు. దానికి తారు వాసన వేసేది. పలకలు ఏడాదంతా ఎవరివి వాళ్ళ దగ్గర ఉంటాయి. గోగులమూడి నడిమధ్య ఊరని నన్ను ఆ కాలేజీలో ఉంచారు. డిసెంబరు మొదటి శనివారం పగలు పన్నెండు లోపల ప్రతి కాలేజీ మాస్టారూ స్వయంగా వచ్చి, తన చేత్తో తన పలక నా గాడిలో పెట్టాలి. బంట్రోతుతో పంపకూడదు, పక్కవాడు పెట్టకూడదు. పన్నెండు కొట్టగానే కార్యదర్శి ఈల ఊదుతాడు. అప్పటికి గాడిలో ఉన్నవే కాలేజీలు. లేనిది ఆ ఏటికి లేనట్టే.

ఇదేమి చాదస్తం అని ఒకరిద్దరు గొణిగితే దొరగారు నవ్వి, "పేరు పంపుట వేరు, మనుష్యుడు వచ్చుట వేరు" అన్నారు. ఆ మాటను మా మాస్టర్లు ఎంత గట్టిగా పట్టుకున్నారో చెబితే నమ్మరు. జ్వరంతో గొంగళి కప్పుకుని వచ్చినవాళ్ళున్నారు. కూతురి పెళ్ళి పందిట్లోంచి పలక చంకన పెట్టుకుని వచ్చి, పెట్టేసి మళ్ళీ పందిట్లోకి పరిగెత్తిన ఆయన ఉన్నాడు.

చేరడాలు, విడిపోవడాలు మనుషులకు ఎంత ఇష్టమో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. 1961లో ఈదరమెట్ల కాలేజీ చేరుతానంది. ఆచారి నా కింద ఒక ముక్క అతికి రెండు గాడులు పెంచాడు, ముందుచూపున్న మనిషి. ఆ ఎనిమిదో గాడి పద్దెనిమిదేళ్ళు ఖాళీగా ఉంది. 1968లో అంబటివరం వాళ్ళు వాలీబాల్ నెట్టు అర అంగుళం దించారని అలిగి వెళ్ళిపోయారు. అర అంగుళానికి మూడేళ్ళు మాటల్లేవు. నాలుగో ఏడు వాళ్ళ మాస్టారు పలకకు పసుపు రాసి, మిఠాయి పొట్లంతో దిగాడు. ఎవరూ ఏమీ అడగలేదు. 1979లో కొత్తమాలెం మహిళా కళాశాల వస్తానంటే, ఆడపిల్లల పలక మగపిల్లల పలకల కింద ఉండాలా పైన ఉండాలా అని పెద్దమనుషులు ఒక పూటంతా వాదించుకున్నారు. ఈలోగా ఆ కాలేజీ మేడం లేచి, ఖాళీగా ఉన్న గాడి చూసుకుని పలక పెట్టేసి కూర్చుంది. అప్పటికి ఎనిమిదీ నిండాయి. నా జన్మలో ఒంటి నిండా బట్ట కట్టుకున్నట్టు ఉన్నది ఆ ఏడేళ్ళే.

ఆ మధ్యనే స్టెన్‌బర్గ్ దొరగారు ఒహాయో నుంచి ఉత్తరం రాశారు. అప్పటికే ముసలివారై స్వదేశం వెళ్ళిపోయారు. తాను చదివిన కాలేజీ ఉన్న కాన్ఫరెన్సు అక్కడ రద్దయిపోయిందట. టెలివిజను వాళ్ళు ఎవరిని చూపిస్తారో ఆ కాలేజీలన్నీ ఒకచోట చేరాయట, మిగతావి ఎటుపోవాలో తెలియక నిలబడ్డాయట. "మీరైనను నిలిచియుండుడి" అని ఉత్తరం ముగించారు. సమావేశంలో పైకి చదివితే మాస్టర్లు అయ్యో పాపం అన్నారు. అమెరికా కష్టాలు మనకెందుకొస్తాయిలే అన్న ధీమా అందరి ముఖాల్లోనూ ఉంది.

ఇక 1986 సంగతి. నేను చెప్పకుండా దాటెయ్యాలని చూసే సంగతి ఇదొక్కటే.

ఆ ఏడు డిసెంబరు మొదటి శనివారం పన్నెండుకు నాలో ఏడు పలకలే ఉన్నాయి. పొన్నలంక రాలేదు. కార్యదర్శి సీతాపతి మాస్టారు. ఆయన గోగులమూడి కాలేజీ డ్రిల్లు మాస్టారు, మంచి రిఫరీ. సొంత తమ్ముడు ఆడుతున్నా ఫౌలు ఫౌలే అనే మనిషి. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఈల ఊదారు. ఆరు నిమిషాలు గడిచాక పొన్నలంక మాస్టారు పేరయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. మోకాళ్ళదాకా తడి, పంచెకు ఇసక. చంకలో తారు వాసన పలక. పడవ ఇసక మేటలో చిక్కుకుంటే దిగి నెట్టుకొచ్చారని చూడగానే తెలుస్తోంది.

"పేరయ్యా, టైమైపోయింది" అన్నారు సీతాపతి మాస్టారు.

పేరయ్యగారు గడియారం వైపు చూశారు. వాదించలేదు. నావైపు కూడా ఒకసారి చూశారు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. హాల్లో ఉన్న ఏడుగురిలో ఒక్కరైనా ఆరు నిమిషాలే కదా అనలేదు. ఎలా అంటారు? ఏడుగురూ రిఫరీలే. ఇవాళ ఆరు నిమిషాలు చూసీ చూడనట్టు పోతే రేపు మైదానంలో తన ఈలకు విలువుండదని ప్రతివాడి భయం. లోకంలో ఇంకే వృత్తివాళ్ళయినా నవ్వి లోపలికి రమ్మనేవారు. డ్రిల్లు మాస్టర్లు గనక తలలు దించుకుని ఎవరితో ఎవరు ఆడాలో డ్రా తీసుకున్నారు. పేరయ్యగారు మళ్ళీ రాలేదు. పొన్నలంక కాలేజీ మళ్ళీ ఏ ఏడూ రాలేదు.

అది మొదలు. ఆ తర్వాత గాడులు ఖాళీ అవుతూనే వచ్చాయి. 1994లో మిషన్ కాలేజీ పట్నంలో కొత్తగా పెట్టిన లీగులోకి వెళ్ళింది. అక్కడ ఆటగాళ్ళకు కోట్లు కుట్టిస్తారట, ఏసీ బస్సులు వేస్తారట. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అదే. నన్ను కన్న కాలేజీయే నన్ను వదిలిపోయింది. ఒక ఇంజనీరింగు కాలేజీ కేవలం క్రికెట్టు కోసం రెండేళ్ళు ఉండి పోయింది. వాళ్ళ పలక ప్లాస్టిక్కుది. గాడిలో బిగుసుకోక, ఫ్యాను గాలికి టకటక కొట్టుకుంటూ ఉండేది. చింతగుంటపాలెం కాలేజీలో చేరే పిల్లలే లేక మూతపడింది. దాని మైదానంలో ఇప్పుడు ఫంక్షన్ హాలు కార్లు నిలబెడతారు.

ఇలా ఐదుకు దిగింది. ఐదన్నది మాకు ఆఖరి మెట్టు. ఐదు కాలేజీలు ఆడితేనే ఆ పోటీల సర్టిఫికెట్టును యూనివర్సిటీ ఒప్పుకుంటుంది. ఆ సర్టిఫికెట్టు లేనిదే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పేరు కూడా రాసుకోరు. నాలుగే ఆడితే అది పిల్లల ఆట కిందే లెక్క.

మస్తాన్‌బీ గురించి ఇప్పుడు చెప్పాలి. గోగులమూడిలో పరుపులు, దిళ్ళు కుట్టే దూదేకుల సైదులు కూతురు. 1986లో అదే కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ ఖోఖో జట్టుకు కెప్టెనుగా ఉండేది. ఆమె పరిగెడుతుంటే సీతాపతి మాస్టారు గడియారం చూసుకోవడం మరిచిపోయేవారు. ఆయన మరిచిపోయింది అదొక్కటే అనుకుంటాను. మా కాన్ఫరెన్సు సర్టిఫికెట్టుతోనే వ్యాయామ విద్యలో సీటు వచ్చింది, ఆ చదువుతోనే తిరిగి అదే కాలేజీలో పి.డి., అంటే పాత డ్రిల్లు మాస్టారి ఉద్యోగమే, వచ్చింది. సీతాపతి మాస్టారు పోయాక కార్యదర్శి పని, దాంతోపాటు నేనూ ఆమె చేతికి వచ్చాం. పాతికేళ్ళుగా ఏటా నవంబరులో నన్ను బయటికి తీయించి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గాడుల్లో దుమ్ము పాత టూత్‌బ్రష్షుతో గీకేది. తుడుస్తూ మాట్లాడే అలవాటుంది. నాతో అనుకునేదాన్ని. తనతో తనే అనుకుంటోందని తర్వాత తెలిసింది.

కిందటేడు జూన్‌లో మద్దిరాల కాలేజీ మూతపడింది. ఐదు నాలుగైంది. ఆ నవంబరులో నన్ను తుడుస్తూ మస్తాన్‌బీ అన్న మాట ఒక్కటే. "నా చేతిలో పోకూడదు. ఎవరి చేతిలో పోయినా సరే, నా చేతిలో పోకూడదు."

ఐదో కాలేజీ కోసం ఆమె తిరగని చోటు లేదు. ఇంజనీరింగు వాళ్ళు వెబ్‌సైటు చూడమన్నారు. పట్నం లీగులో చేరినవాళ్ళు జాలిగా కాఫీ ఇచ్చారు. చివరికి పొన్నలంక మిగిలింది. ఆ కాలేజీ ఇప్పుడు ఒక పెద్ద విద్యాసంస్థ చేతిలో ఉంది. నది మీద వంతెన పడి ఇరవై ఏళ్ళయింది. ఆటో ఎక్కితే పాతిక నిమిషాలు. మస్తాన్‌బీ వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని వచ్చింది. ఆయన శ్రద్ధగా విని, "చూద్దాం మేడం, తప్పకుండా చూద్దాం" అన్నారట. చూద్దాం అంటే చూడరని మనలో పసిపిల్లకు కూడా తెలుసు. కాని అవసరంలో ఉన్నవాళ్ళకు చూద్దాం అన్న మాట కూడా చూస్తామన్నట్టే వినబడుతుంది.

డిసెంబరు మొదటి శనివారం వచ్చింది. పదకొండున్నరకే నలుగురూ వచ్చి పలకలు పెట్టేశారు. గోగులమూడి పలక మస్తాన్‌బీ పెట్టింది. అంబటివరం పలక భూషణంగారు. ఆయన అక్కడ పి.డి., వయసు నలభై ఐదు, ఆడపిల్లల కబడ్డీ జట్టును సొంత బిడ్డల్లా చూసుకునే మనిషి. మహిళా కళాశాల పలక హైమవతి. ఈదరమెట్ల నుంచి కొత్తగా చేరిన మాస్టారు. పన్నెండు కొట్టింది. మస్తాన్‌బీ ఈల చేతిలోకి తీసుకుంది, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"కాసేపు చూద్దాం" అంది.

ఒంటిగంటైంది. పొట్లాల్లో తెచ్చుకున్న పెరుగన్నాలు తిన్నారు. రెండైంది. వంతెన మీద ట్రాఫిక్ ఉందేమో అంది హైమవతి. వంతెన మీద గేదెలు తప్ప ట్రాఫిక్ ఉండదని అందరికీ తెలుసు. మస్తాన్‌బీ ఫోను చేస్తూనే ఉంది, అవతల మోగుతూనే ఉంది. మూడింటికి భూషణంగారు లేచి తన సంచీలోంచి ఒక పలక తీశారు. మద్దిరాల పలక. కాలేజీ మూసేస్తున్నప్పుడు వాచ్‌మన్ దగ్గర తీసుకున్నారట.

"మేడం, యూనివర్సిటీ లిస్టులో మద్దిరాల పేరు మార్చిదాకా ఉంటుంది. నేను కనుక్కునే వచ్చా. వాళ్ళ పాత పిల్లలు నలుగురు మా ఊళ్ళోనే ఉన్నారు, చొక్కాలేసి నిలబెడతా. ఎవరు చూస్తారు? నా చేత్తోనే పెడతా. పాపమొస్తే నాకే రానీండి."

పలక నా గాడి అంచుదాకా వచ్చింది. డెబ్బై ఏళ్ళు అది పడుకున్న చోటు. నాకూ ఆశ పుట్టిందని ఒప్పుకుంటాను. గాడికి నిజం అబద్ధం తెలీదు, నిండడమే తెలుసు. ఈదరమెట్ల మాస్టారు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. ముగ్గురూ మస్తాన్‌బీ నోటి మాట కోసం ఉన్నారు. ఆమె కాదనకుండా ఊరుకుంటే చాలు, కాన్ఫరెన్సు ఇంకో ఏడు బతుకుతుంది.

ఆమె ఆ పలకను చేత్తో అడ్డుకుంది. తర్వాత అంది, "నిజంగా వచ్చినాయన్ని ఆరు నిమిషాలకి గుమ్మం బయట నిలబెట్టాం భూషణంగారూ. ఇప్పుడు లేనివాళ్ళని తెచ్చి లోపల కూర్చోబెడితే ఎట్లా?"

"అది ఎప్పటి ముచ్చట మేడం! నా దగ్గర ఆరుగురు పిల్లలు పోలీసు సెలక్షన్ల కోసం చూస్తున్నారు. ఈ కాగితం లేకపోతే వాళ్ళ గతేంటి?"

"జిల్లా ఓపెన్ మీట్‌కి నేను తీసుకెళ్తా. పేర్లు పంపండి. అక్కడ గెలిస్తే ఇంతకన్నా పెద్ద కాగితమే వస్తుంది."

"గెలిస్తే గదా" అన్నారు భూషణంగారు. పలక మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు. "నిజాయితీ మీది, నష్టం మా పిల్లలది. బాగుంది."

మస్తాన్‌బీ మళ్ళీ ఫోను తీసి పొన్నలంకకు చేసింది. నాలుగింటికి పొన్నలంక నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. ఈసారికి వీలుపడదు, క్షమించండి అని, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. అప్పుడు ఆమె ఈల ఊదింది. ఎప్పుడూ ఒక్కసారి గట్టిగా ఊదేది. ఆ రోజు సరిగా రాక రెండోసారి ఊదాల్సి వచ్చింది. పన్నెండింటి ఈల నాలుగింటికి మోగింది. అప్పుడెప్పుడో ఆరు నిమిషాలు ఆగలేని కాన్ఫరెన్సు, ఆగినా లాభం లేనప్పుడు నాలుగు గంటలు ఆగింది.

ముగిసిపోయేముందు ఒక పని చేద్దామంది మస్తాన్‌బీ. మినిట్స్ పుస్తకం తెరిచి ఆఖరి తీర్మానం రాసింది. "1986 డిసెంబరు సమావేశంలో పొన్నలంక కళాశాల పలక వేళకే అందినట్టుగా ఈ సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." భూషణంగారు కోపంగానే ఉన్నా సంతకం పెట్టారు. తర్వాత ఎవరి పలక వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు, నా ఒంట్లోంచి లాగేసుకున్నారు. అంబటివరం మామిడి చెక్క రానంది. నూనె రాసి లాగారు. వెళ్ళేటప్పుడు హైమవతి నా మీద చెయ్యి వేసి, ఒక్కసారి నొక్కి మెట్లు దిగింది.

మర్నాడు ఆదివారం. మస్తాన్‌బీ ఆటో పిలిపించి నన్ను అడ్డంగా ఎక్కించింది. నా కొన ఒకటి బయటికి పొడుచుకొచ్చి దారంతా ఎదురొచ్చేవాళ్ళను భయపెట్టింది. స్టోరు గదిని సీసీ కెమెరాల గది చేస్తారట, నాకు ఎలాగూ చోటు లేదు. కాని ఆమె నన్ను తీసుకెళ్ళింది అందుకు కాదు. పేరయ్యగారు బతికే ఉన్నారని ఆమె కిందటి నెల పొన్నలంక వెళ్ళినప్పుడు విన్నది. ఆయన పలక ఆయన చేత్తోనే ఒక్కసారి గాడిలో పెట్టించాలని ఆమె కోరిక. నాది కూడా.

పేరయ్యగారికి ఎనభై ఆరు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు బాగానే ఉంది. నన్ను దింపుతుంటే ఆటో దగ్గరే గుర్తుపట్టారు.

"గోగులమూడి బల్ల గదూ! ఏంటమ్మా, దాన్ని మోసుకొచ్చావు? ఎవరు నువ్వు?"

"మస్తాన్‌బీనండి. అక్కడ పి.డి.ని. సీతాపతి మాస్టారి దగ్గర ఆడాను."

"కూర్చో, కూర్చో అమ్మాయ్."

ఆమె కాన్ఫరెన్సు నిన్నటితో ఆగిపోయిందని చెప్పింది. ఆయన తల ఊపారు. పుస్తకం తెరిచి ఆఖరి తీర్మానం చదివి వినిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని ఆమె అనుకుని ఉంటుంది. నేనూ అదే అనుకున్నాను. ఆయన కనుబొమలు ముడిచారు.

"తప్పు రాశారమ్మా. కొట్టెయ్యి."

"మాస్టారూ..."

"వేళకెక్కడ అందింది? పన్నెండూ ఆరయింది. గడియారం నా కళ్ళతో నేనే చూశా. పడవ ఇసకలో పడ్డ మాట నిజమే, నా వెంటొచ్చిన పిల్లలు దిగి నెట్టిన మాటా నిజమే. అయినా లేటు లేటే. నేనే కార్యదర్శినైతే నేనూ ఈల ఊదేవాణ్ణి. అయిన లేటుని కాలేదని ఎట్టా రాస్తారు? రిఫరీలు గాదూ మీరు?"

మస్తాన్‌బీ కలం తీసి తీర్మానం మీద గీత కొట్టింది. ఆయన వంగి చూసి, సరిగానే కొట్టిందని తృప్తిపడ్డారు. పలక ఏదని అడిగితే, 2009 వరదకు ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు బియ్యం బస్తా తడవకుండా దాని కింద పెట్టామన్నారు. బస్తా మిగిలిందట, పలక కొట్టుకుపోయిందట. పడవ చెక్క గదా, దాని దారిన అది పోయింది అని నవ్వారు.

"మరి మళ్ళీ ఎందుకు రాలేదు మాస్టారూ? తప్పు లేదంటున్నారు. మరుసటి ఏడు రావచ్చు గదా. ఇన్నేళ్ళు రాకుండా ఉన్నారు."

పేరయ్యగారు కుర్చీ చేతిని గోరుతో గీకుతూ కూర్చున్నారు.

"ఈల మీద నాకేం కోపం లేదమ్మా. ఊదినాక మెట్ల కింద నిలబడ్డా. పడవ మళ్ళీ రెండింటికి గాని లేదు. మా పిల్లలు తడి బట్టల్తో చెట్టు కింద కూర్చున్నారు. లోపల టీలు తాగతన్నారు, గ్లాసుల చప్పుడు నాకు వినపడతానే ఉంది. ఇరవై ఏళ్ళు వాళ్ళతో కలిసి తిరిగినోణ్ణి. ఒక్కడన్నా బయటికొచ్చి, పేరయ్యా, టీ తాగి పో అంటాడేమోనని రెండింటిదాకా చూశా. ఎవరూ రాలా. టైము దాటితే ఆట లేదు, సరే, ఒప్పుకున్నా. టీ కూడా లేదా?"

నేను గోడకు ఆనుకుని విన్నాను. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ ఈల గురించే అనుకుంటూ వచ్చాను. ఈలది తప్పా, గడియారానిది తప్పా, పడవది తప్పా అని. పలకలు లెక్కపెట్టడమే గాని గ్లాసులు లెక్కపెట్టడం నాకెవరూ నేర్పలేదు.

మస్తాన్‌బీ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు టీ పట్టుకెళ్ళింది నేనే మాస్టారూ" అంది. "మీరు వస్తారని ఎనిమిది గ్లాసులు పోయించారు. ఏడుగురికిచ్చాను. ఒకటి మిగిలింది. మీరు మెట్ల కింద ఉన్నారని నాకు తెలుసు. ఆ గ్లాసు పట్టుకుని మీ పక్కనుంచే వెళ్ళాను. ఇస్తే సీతాపతి మాస్టారు ఏమంటారోనని భయం. జట్టులోంచి తీసేస్తారేమోనని భయం. పారబొయ్యడానికి మనసు రాలేదు. వెనక గుమ్మం దగ్గర నిలబడి నేనే తాగేశాను."

పేరయ్యగారు పడక్కుర్చీలో ముందుకు వంగారు.

"చక్కెర సరిపోయిందా?"

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. పెద్ద మనిషి, అరవైకి దగ్గరపడ్డ మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. పేరయ్యగారు ఓదార్చలేదు. లోపలికి తిరిగి, "అమ్మాయ్, టీ పెట్టవే" అని కోడల్ని కేకేశారు.

కాసేపటికి కోడలు పళ్ళెంలో రెండు గ్లాసులు తెచ్చింది. అతిథికి ముందు ఇవ్వబోతే మస్తాన్‌బీ లేచి నిలబడి పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది. ఒక గ్లాసు పేరయ్యగారి చేతికిచ్చింది. ఆయన ఊదుకుంటూ, నింపాదిగా, అడుగుదాకా తాగేవరకు ఆమె తన గ్లాసు ముట్టుకోలేదు.